తీర్మానాలు నిలవాలంటే తేదీల్లేని డైరీయే మేలు

జనవరిలో విజయవాడ ఏలూరు రోడ్డు షాపుల్లో రోజుకో పేజీ డైరీలే ముందు కనిపిస్తాయి. తీర్మానాల కోసమైతే తేదీలు వేయని ఏ5 (ఏ4 కాగితంలో సగం సైజు) నోట్‌బుక్ అడగండి. తేదీలున్నదాంట్లో సంక్రాంతికి ఊరెళ్లిన నాలుగు రోజులూ ఖాళీ పేజీలై మిగులుతాయి, తిరిగొచ్చాక దాన్ని తెరవబుద్ధి కాదు. తేదీల్లేనిదాంట్లో ఆగిన చోటి నుంచే రాసుకుపోవచ్చు. అసలు లాభం ఇదే.

కాగితం 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) ఉంటే మంచిది. పల్చనైతే జెల్ పెన్ సిరా అవతలికి దిగుతుంది. కుట్టు బైండింగే తీసుకోండి, గమ్ముతో అంటించినవి పూర్తిగా తెరిస్తే పేజీలు ఊడొస్తాయి.

ఎడమ పేజీలో నెలకు సరిపడా, రోజుకొకటి చొప్పున 31 గళ్లు గీసి, పైన రెండే లక్ష్యాలు రాయండి. “ఆరోగ్యం” అని కాదు, “పొద్దున కాఫీ తాగగానే బందరు కాలువ గట్టున 20 నిమిషాల నడక” అని. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నది లేకపోతే గడి నింపాలో వద్దో రాత్రికి మీకే తేలదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకుల అధ్యయనంలో అలవాటు కుదురుకోవడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు; మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కనబడలేదు. అందుకే ఫిబ్రవరి, మార్చి గళ్లు కూడా ముందే గీసిపెట్టుకోండి.

ఎలాస్టిక్ పట్టీ త్వరగా సాగిపోతుంది, దానికోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.