ఆరేళ్లు వ్యాన్ ఎక్కించాక: మా వాడి స్పెషల్ స్కూలు గురించి

మా వాడు 2018 జూన్‌లో ఆ స్కూల్లో చేరాడు. 2024 ఏప్రిల్‌లో మాన్పించాం. స్కూలు పేరు రాయడం లేదు, ఎందుకంటే తిట్టాల్సినవి కూడా ఉన్నాయి, అక్కడ ఇంకా పిల్లలు చదువుతున్నారు. విశాఖలో బీచ్ వైపు కాలనీల్లో రెండంతస్తుల ఇల్లు అది. మాది గోపాలపట్నం. పిల్లవాడికి బుర్ర బాగానే పని చేస్తూ, చదవడం రాయడం దగ్గరే చతికిలబడుతుంటే, అలాంటి అమ్మానాన్నలకు పనికొస్తుందని రాస్తున్నాను.

అంతకుముందు రెండో తరగతి వరకు మామూలు ఇంగ్లీషు మీడియం స్కూలే. ప్రతి నోట్సులోనూ ఎర్ర సిరాతో 'కేర్‌లెస్' అని ఉండేది. క్రికెట్ స్కోర్లు బంతి బంతికీ అప్పజెప్పేవాడు, పుస్తకం తెరిస్తే మాత్రం కడుపునొప్పి. మా అత్తయ్యగారిది శ్రీకాకుళం వైపు. "గుంటడికి బద్ధకం తప్ప ఏటీ లేదు, మీరే గారాబం సేసి పాడు సేత్తన్నారు" అనేవారు. నేను కొట్టాను కూడా. ఒకసారి కాదు.

చివరికి క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ముందు కళ్లు, చెవులు చూపించుకు రమ్మన్నారు. ఆ తర్వాత తెలివితేటల పరీక్ష, తర్వాత చదివించి, రాయించి చూశారు. డిస్‌లెక్సియా అన్నారు, అంటే తెలివి ఉన్నా చదవడం రాయడం దగ్గరే ఇబ్బంది పడడం. ఆవిడే ఈ స్కూలు సంగతి చెప్పారు.

ముందు మంచి చెప్తాను. తరగతికి ఎనిమిది మంది, ఇద్దరు టీచర్లు. మొదటి నెల పుస్తకమే ముట్టనివ్వలేదు. స్టీలు పళ్లెంలో బొంబాయి రవ్వ పోసి, వేలితో అక్షరం రాస్తూ దాని శబ్దం పైకి అనమనేవారు. కన్ను, చెవి, వేలు మూడూ ఒకేసారి పని చెయ్యాలట. ఇంగ్లీషు బి, డి అక్షరాలు వాడికి ఒకటే. ఒక్క బి మీదే మూడు వారాలు ఉంచారు, డి పేరే ఎత్తలేదు. రెండూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమని నేను ఇంట్లో చేసిన పనే పెద్ద తప్పని అప్పుడు తెలిసింది. (రవ్వ బదులు బీచ్ ఇసక తెచ్చి చూశాను. చేతికి అంటుకుంటుంది, ఇల్లంతా పడుతుంది. రవ్వే నయం.)

"ఏడాది వరకు మమ్మల్ని ఏమీ అడక్కండి" అన్నారు చేర్పించిన రోజే. హోంవర్కు లేదు, ర్యాంకుల్లేవు. నాకైతే టెన్షన్ పెరిగిపోయింది, ఇంత ఫీజు కట్టి రవ్వలో ఆడుకోవడానికా అని. పద్నాలుగో నెలలో ఒక చిన్న ఇంగ్లీషు కథల పుస్తకం, పేజీకి రెండు వాక్యాలుంటాయే అలాంటిది, ఎవరూ అడక్కుండా తీసి చదువుకున్నాడు. కడుపునొప్పి అంతకు చాలా ముందే పోయింది. ఆ ఒక్కదానికే నేను ఆ టీచర్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఇక చిరాకులు. స్పెషల్ స్కూలు అని చెప్పి అన్ని రకాల ఇబ్బందులున్న పిల్లలనూ అక్కడ ఒకే గదిలో కూర్చోబెట్టేవారు. ఆటిజం ఉన్న పిల్లలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు, మా వాడి లాంటి వాళ్లు, అందరూ. ఆ పిల్లలతో కలిసి ఉండడం మంచిదే, మా వాడికి అక్కడి స్నేహాలు ఇప్పటికీ ఉన్నాయి. లెక్కల దగ్గరే గొడవ. నోటితో అడిగితే టకటకా చెప్పే పిల్లవాణ్ని రెండేళ్లు కూడికల్లోనే ఉంచేశారు. నలుగురైదుగురు తల్లిదండ్రులం కలిసి అడిగాక, నాలుగో ఏట లెక్కలకు వేరే గ్రూపు పెట్టారు. అడక్కపోతే అదీ పెట్టేవారు కాదు.

అంతకంటే పెద్ద లోటు తెలుగు. చేరిన రోజునే "తెలుగు వదిలేయండి, రెండు లిపులు వాడికి భారం" అన్నారు. సరేనన్నాం. పద్ధతులూ కార్డులూ అన్నీ ఇంగ్లీషు కోసం చేసినవే, తెలుగుకి వాళ్ల దగ్గర ఏమీ లేదన్నది అసలు సంగతి. నాలుగేళ్లయ్యేసరికి మా వాడు షాపు పేరు ఇంగ్లీషులో ఉంటే కూడబలుక్కుని చదివేవాడు, తెలుగులో ఉంటే తల తిప్పుకునేవాడు. మా మామయ్యగారు పొద్దున్నే పేపరు ఇచ్చి "ఏదీ, పెద్ద అక్షరాలు చదువు నాన్నా" అంటే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకునేవాడు.

ఐదో ఏట కొత్తగా వచ్చిన టీచరమ్మ ఒకావిడ, విజయనగరం అమ్మాయి, తనంతట తనే తెలుగు మొదలుపెట్టింది. వాడు 'ఆవు'ని 'ఆమ' అని చదివేవాడు. మీరూ ఒకసారి రాసి చూడండి, వ-కి కొమ్ము ఇస్తే అచ్చం మ లాగే ఉంటుంది. ప, వ, ష కూడా అంతే, ఒక్క గీత తేడా. అక్షరాలు 56 అంటాం గానీ, గుణింతాలూ ఒత్తులూ కలిస్తే వాడి కంటికి కొన్ని వందల బొమ్మలు. ఆవిడ అక్షరాన్ని నల్ల స్కెచ్చుతోనూ, కొమ్మూ గుడీ ఏత్వమూ ఎర్ర స్కెచ్చుతోనూ రాసేది. ఎరుపు కనిపిస్తే ఆగు, అది వేరే ముక్క. ఒకసారి అది పట్టుబడ్డాక తెలుగే ఇంగ్లీషు కంటే తేలికైంది, ఎందుకంటే రాసినట్టే పలుకుతాం కదా. నాలుగేళ్ల ముందే ఇది చేసి ఉంటే! ఆవిడ ఏడాదిన్నరకి మానేసింది. జీతం చాలక అని విన్నాను.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. చేరినప్పుడు ఏడాదికి 80 వేలు, మానేనాటికి లక్షా 35 వేలు. వ్యాన్ వేరు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఫీజులో కలిసి ఉన్నాయనుకుంటాం. కాదు, క్లాసుకింత అని లెక్క. ముందే కాగితం మీద రాయించుకోండి. 2019లో ఎన్ఏడీ కూడలి దగ్గర ఫ్లైఓవర్ పనులు నడుస్తుంటే వ్యాన్ గంటన్నర పట్టేది, ఇంటికొచ్చేసరికి పిల్లవాడు తోటకూర కాడలా వేలాడిపోయేవాడు. గాజువాక, పెందుర్తి వైపు వాళ్లు ఈ దూరం కూడా లెక్కేసుకోవాలి.

కరోనాలో మాత్రం మెచ్చుకోవాలి. మామూలు స్కూళ్లు నలభై మందిని ఒకే తెర మీద కూర్చోబెడితే, వీళ్లు రోజుకి ఒక్కో పిల్లవాడికి విడిగా ఇరవై నిమిషాలు వీడియో కాల్ చేశారు. ఫీజు మాత్రం పూర్తిగానే తీసుకున్నారు.

అన్నిటికంటే ముఖ్యమైనది పదో తరగతి. ఏడో తరగతి ఈడు వచ్చేదాకా దాని ఊసే ఎత్తలేదు. అప్పుడు తెలిసింది, అది ట్రస్టు కింద నడిచే సెంటరే తప్ప విద్యాశాఖ గుర్తింపున్న స్కూలు కాదని. మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. మేం పడ్డ టెన్షన్ మీరు పడకూడదంటే ఇది విన్నాక వెళ్లండి. స్కూలుకి వెళ్లకుండానే పరీక్షలు రాసుకునే కేంద్ర బోర్డు ఒకటుంది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అదే ఎన్ఐఓఎస్, 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేర్చుకుంటుంది. ఎనిమిది పాసైన కాగితం లేకపోయినా, చదవగలమని స్వయంగా ఇచ్చే ధ్రువపత్రం సరిపోతుంది. ఐదు సబ్జెక్టులు చాలు, ఒక భాష ఉంటే చాలు, అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది సార్లు రాసుకునే వీలుంది.

వైకల్యం సర్టిఫికెట్ కూడా ముందే చూసుకోండి. 2016 దివ్యాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాల్లో నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రి బోర్డు ఇచ్చే కాగితం ఉంటేనే పరీక్షలో అదనపు సమయమూ, రాసిపెట్టే మనిషీ. ఎనిమిదేళ్లు నిండాక ఇస్తారు, మళ్లీ 14కీ, 18కీ పరీక్ష చేస్తారు. మేం మూడుసార్లు తిరిగాం, ఒకసారి డాక్టరు సెలవు, ఒకసారి ఫారం మారింది. స్కూలు వాళ్లు తోడు వస్తామన్నారు, రాలేదు.

చేర్పించే ముందు మీరు చూడాల్సింది గోడల మీద రంగుల బొమ్మలు కాదు. టీచర్లకు భారత పునరావాస మండలి (స్పెషల్ టీచర్లను నమోదు చేసుకునే సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, గత మూడేళ్లలో బయటికి వెళ్లిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు, తెలుగు నేర్పుతారా. ఒక పూట తరగతిలో వెనక కూర్చుంటానని అడగండి. ఒప్పుకోకపోతే బయటికొచ్చేయండి.

మళ్లీ చేర్పిస్తానా అంటే, చేర్పిస్తాను, కానీ నాలుగేళ్ల పాటే. ఆ తెలుగు ఒక్కటి తప్ప చివరి రెండేళ్లూ మేం అలవాటుకొద్దీ పంపాం. మా వాడిప్పుడు ఎన్ఐఓఎస్‌లో చిత్రలేఖనం, డేటా ఎంట్రీ రాసేశాడు, మూడు మిగిలాయి. చదవడం ఇప్పటికీ నెమ్మదే. పెద్ద పాఠాలైతే ఫోన్ చేత చదివించుకుని వింటాడు. కాషన్ డిపాజిట్ పదివేలు నెలలో వేస్తామన్నారు, ఇంకా వెయ్యలేదు.