వీవీప్యాట్ యంత్రం: మా అమ్మకు చాలని ఏడు సెకన్లు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి 2022లో పదవీ విరమణ చేశాను. 2019 ఏప్రిల్ 11న పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారిగా వీవీప్యాట్ యంత్రాన్ని దగ్గరుండి నడిపించాను. ఓటు యంత్రం పక్కనే ఉండి, మన ఓటు ఎవరికి పడిందో చీటీ మీద అచ్చువేసి అద్దంలోంచి చూపించే పెట్టె ఇది. 2024 మే 13న మా అమ్మ వెనకాలే వరుసలో నిలబడి ఓటేశాను. బల్లకు అటూ ఇటూ నిలబడి చూసిన యంత్రం కాబట్టి దాని మంచిచెడ్డలు రాయాలనిపించింది.

పనితనంలో దానికి వంక పెట్టలేను. వెనకవైపు ఒక మీట ఉంటుంది. ప్రయాణంలో కాగితపు చుట్ట కదలకుండా అది అడ్డంగా ఉండాలి, పోలింగ్‌కు ముందు నిలువుగా తిప్పాలి. స్విచ్ వేయగానే యంత్రం తనను తాను పరీక్షించుకుంటూ ఏడు చీటీలు వదులుతుంది. ఆ రోజు తెల్లవారుజామున ఐదున్నరకే అభ్యర్థుల ఏజెంట్లను కూర్చోబెట్టి మాక్ పోల్, అంటే పరీక్షగా వేసే ఓట్లు, మొదలుపెట్టాం. కనీసం యాభై ఓట్లు వేయాలి. పార్లమెంటుకు ఒక సెట్టు, అసెంబ్లీకి మరో సెట్టు కాబట్టి ఆ పని రెండుసార్లు. ఎవరు ఏ గుర్తుకు నొక్కారో కాగితం మీద రాసుకుని, పెట్టెలో పడిన చీటీలు తీసి లెక్క చూశాం. ఒక్కటి కూడా తేడా రాలేదు. ఆ చీటీల వెనక ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు చేసేసరికి, అంతవరకూ అనుమానంగా చూస్తున్న ఒక ఏజెంటు ముఖం తేటపడింది. యంత్రం మీద నమ్మకం అలాంటి చోట పుడుతుంది, ఉపన్యాసాలతో కాదు.

ఈ పెట్టె ఊరికే రాలేదు. స్వేచ్ఛగా, న్యాయంగా ఎన్నికలు జరగాలంటే ఓటుకు కాగితపు ఆధారం తప్పనిసరి అని 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది. సుబ్రమణ్యస్వామి వేసిన కేసు అది. అంతకు నెల ముందే నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో ఈ యంత్రాన్ని మొదటిసారి వాడారు. తర్వాత చంద్రబాబు నాయుడు మొదటి పిటిషనరుగా 21 మంది ప్రతిపక్ష నాయకులు సగం చీటీలు లెక్కించాలని కోర్టుకు వెళ్లారు. సగం కుదరదు కానీ, ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక యంత్రం బదులు ఐదు యంత్రాల చీటీలు లెక్కించమని 2019 ఏప్రిల్ 8న తీర్పు వచ్చింది. మాకు పోలింగ్ ఇక మూడు రోజులే. ఆ యంత్రాలను లాటరీ తీసి ఎంపిక చేస్తారు. లెక్క తేడా వస్తే కాగితం లెక్కే చెల్లుతుందని నిబంధన. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలియాలి.

ఇక మా అమ్మ విషయం. అప్పటికి ఆమెకు 82 ఏళ్లు. ఇంటి దగ్గరే ఓటు వేసే సౌకర్యం 85 దాటిన వాళ్లకు కాబట్టి బడికే వెళ్లాం. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోదానికి కాలేదు. చూపు ఉంది కాబట్టి తోడు వద్దని తనే లోపలికి వెళ్లింది. బటన్ నొక్కింది. ఎర్రదీపం వెలిగిందా లేదా అని బటన్లుండే బ్యాలట్ యూనిట్ వైపే చూస్తూ ఉండిపోయింది. పక్కనున్న పెట్టెలో దీపం ఏడు సెకన్లే వెలుగుతుంది, ఆ వెలుగులోనే అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు కనిపిస్తాయి. అది ఆరితే అద్దం నల్లగా అయిపోతుంది. అమ్మ మెడ తిప్పేసరికి చీటీ తెగి కింద పడిపోయింది.

బయటికొచ్చి అధికారితో "బాబూ, నా చీటీ నేను చూడలేదు" అంది.

"తప్పు గుర్తు పడిందా అమ్మా?" అని అడిగారాయన.

"తప్పో ఒప్పో తెలియదు నాయనా, చూడనే లేదు."

ఆయన దగ్గర జవాబు లేదు. నేనున్నా ఉండేది కాదు. తప్పు గుర్తు పడిందంటే 49ఎంఏ నిబంధన కింద రాతపూర్వకంగా ఫిర్యాదు తీసుకుని పరీక్ష ఓటు వేయిస్తారు, ఫిర్యాదు అబద్ధమని తేలితే శిక్ష పడుతుంది. చూడలేకపోయాననే మనిషికి మాత్రం ఏ నిబంధనా లేదు. 2019లో నా గదిలో ఎంతమంది ముసలివాళ్లు ఇలాగే చూడకుండా వెళ్లిపోయారో అని ఆ రోజంతా బాధపడ్డాను. ఒక్కరినైనా అడిగి ఉండాల్సింది.

అంతకు పదిహేడు రోజుల ముందే, ఏప్రిల్ 26న, సుప్రీంకోర్టులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ఇచ్చిన తీర్పు చదివాను. మళ్లీ బ్యాలట్ కాగితాలు వద్దన్నారు. దానికి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ముద్ర రెండు గుర్తుల మధ్య పడి చెల్లకుండా పోయిన ఓట్లు చూసినదాన్ని నేను. వీవీప్యాట్‌లోకి అభ్యర్థుల గుర్తులు ఎక్కించే యూనిట్లను ఫలితాల తర్వాత 45 రోజులు భద్రపరచమన్నారు, ఓడిన అభ్యర్థులకు యంత్రాల తనిఖీ కోరే దారి ఇచ్చారు. మంచివే. కానీ ఆ కేసులోనే, అద్దం పారదర్శకంగా ఉండాలని కూడా అడిగారు. అది ఒప్పుకోలేదు. ఓటు సరిగ్గా నమోదైందని తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని అదే తీర్పు అంగీకరించింది. ఆ హక్కు మా అమ్మకు ఏడు సెకన్లు సరిపోలేదు. పదిహేను చేస్తే వరుస కాస్త నెమ్మదిస్తుంది, అంతేగా. ఓపిగ్గా నిలబడతాం.

ఐదు మార్కులకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నర ఆ నల్లని అద్దానికీ, ఆ తొందరకూ.

రెండో ఓటుకు, అసెంబ్లీది, అమ్మ తీరు మార్చింది. ముందు పెట్టె ఎక్కడుందో చూసుకుని, దానికి ఎదురుగా నిలబడి, చేయి మాత్రం చాచి బటన్ నొక్కింది. బయటికొస్తూ నా భుజం పట్టుకుని "చూశానే, నా గుర్తే" అంది. 2029 నాటికి ఆమెకు 87 వస్తాయి, ఇంటికే కాగితం తెస్తారని చెప్పాను. వద్దంది. బడికే వెళ్తుందట, ఈసారి రెండు చీటీలూ చూడాలట.