కోరింగ మడ అడవి: పాటులో వంతెన, పోటులో పడవ

కాకినాడ నుంచి యానాం రోడ్డులో అరగంట ప్రయాణం. మడ అడవిలో చెక్క వంతెన మీద నడక బాగుంది, పొద్దున్నే వెళ్తే జనం కూడా ఉండరు. మోసం జరిగింది పడవ దగ్గర.

కాకినాడలో దిగిన లాడ్జి దగ్గరే ఒక ఏజెంటు నలుగురికి 2,400 రూపాయలు తీసుకుని మధ్యాహ్నం రెండింటికి పడవ ఎక్కించాడు. అప్పటికి కాలవ పాటు మీదుంది, అంటే నీళ్లు సముద్రంలోకి దిగిపోతున్నాయి. పావుగంటకే పడవ అడుగు బురదకు తగిలింది. గెడతో నెట్టుకుంటూ వెనక్కి తీసుకొచ్చారు. ఎండకు పెద్దవాళ్లు విసిగిపోయారు. పైసా వెనక్కి రాలేదు. పడవ నడిపినాయనకు అందులో దక్కింది 700.

పోటు (సముద్రపు నీళ్లు కాలవలోకి ఎక్కే వేళ) రోజూ సుమారు 50 నిమిషాలు, అంటే రెండు గడియలు, ఆలస్యమవుతుంది. నిన్న పదింటికి నిండితే ఇవాళ పదకొండుకు కాస్త ముందు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పాటుకు నీళ్లు మరీ దిగిపోతాయి. రేవులో వలలు బాగుచేసుకునే వాళ్లనడిగి, కాలవ నిండడానికి గంట ముందు ఎక్కండి. పాటు వేళ వంతెన మీద తిరగండి: బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాసవేర్లు, బురదలో గెంతే చిన్న చేపలు అప్పుడే కనిపిస్తాయి. పిల్లల్ని కొమ్మలు విరవనివ్వకండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

భోజనం మాత్రం ఎప్పటికీ మర్చిపోలేం. ముందురోజే చెబితే రేవు పక్కన ఒక మత్స్యకారుల ఇంట్లో వండిపెట్టారు. మనిషికి 250: అన్నం, మండపీతల ఇగురు, గోంగూర రొయ్యలు, మజ్జిగ. వండేముందు ఆ ఇంటావిడ ఒక్కో పీతనూ తిరగేసి, పొట్టవైపు చివరి కాలి మొదట్లో బొటనవేలితో నొక్కి చూసింది. లొత్తపడిందంటే కొత్తగా డిప్ప మార్చుకున్నది, లోపల కండ కన్నా నీళ్లే ఎక్కువ. అలాంటివి పక్కన పెట్టేసింది. పొట్టకింద గుడ్లు పట్టుకున్నదాన్ని తీసుకెళ్లి కాలవలో వదిలింది. మేమిచ్చిన 1,000 మధ్యలో ఎవరి చేతికీ పోకుండా ఆ ఇంటికే చేరింది.

రాత్రికి ఉండమన్నారు గానీ, మరుగుదొడ్డి సరిగ్గా లేక మా ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఇలాంటి ఊళ్లకు ఖరీదైన రిసార్టులు అక్కర్లేదు, శుభ్రమైన మరుగుదొడ్డి, దోమతెర, తాగునీరు ఉంటే చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మర పడవల వేట ఆగే 61 రోజుల్లో, ఈ భోజనాల డబ్బు వాళ్లకు మరీ అవసరం. అప్పుడు వెళ్తే పొద్దున తొమ్మిదిలోపు తిరగడం ముగించేసి, మధ్యాహ్నం వాళ్లింట్లో తినండి.