కొండెక్కేటప్పుడు లోడ్ అంకె మేలా, గాలి అంకె మేలా?

మాది 1.6 లీటర్ల పెట్రోలు బండి. పోయిన నెల ఐదుగురం తిరుమలకు బయల్దేరితే, అలిపిరి దాటి కాసేపటికే రెండో గేరులో కూడా ఆయాసపడింది. ఇంజన్ లైటు మాత్రం వెలగలేదు. షెడ్డులో స్కానర్ పెట్టి, "కోడ్ ఏం లేదన్నా, బండి బాగుంది" అని పంపించేశారు.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్లో బ్లూటూత్ అడాప్టర్ పెడితే ఫోన్‌లో చాలా అంకెలు కనిపిస్తాయి. వాటిలో మనకు పనికొచ్చేవి రెండు: ఇంజన్ లోడ్ శాతం (ఇంజన్ తన బలంలో ఎంత వాడుతోందో), ఎంఏఎఫ్. ఎంఏఎఫ్ అంటే సెకనుకు ఎన్ని గ్రాముల గాలి లోపలికి పోతోందని.

లోడ్ చదవడం తేలిక, వందకు ఇంత అంటుంది. కానీ అది కొలిచింది కాదు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) వేసిన లెక్క. మా బండిలాంటి వాటిలో ఆ లెక్కకు మూలం ఎంఏఎఫ్ సెన్సారే. సెన్సారుకు దుమ్ము పడితే లోడ్ కూడా దానితోపాటే తప్పు చెప్తుంది. దొంగనే సాక్ష్యం అడిగినట్టు.

గాలి అంకెను మాత్రం కాగితం మీద సరిచూసుకోవచ్చు. ఇంజన్ రెండు చుట్లకోసారి గాలి నింపుకుంటుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 1500 సార్లు, అంటే 2400 లీటర్లు, సెకనుకు 40. మన ఎండకు లీటరు గాలి సుమారు 1.15 గ్రాములు, కాబట్టి 46. ఇంజన్ పూర్తిగా నిండదు, 85 శాతం వేసుకున్నా 39 రావాలి. నేను ఆక్సిలరేటర్ నేలకు తొక్కితే, పక్కన ఫోన్ పట్టుకున్న మా బావమరిది "ఇరవై ఎనిమిదే బావా" అన్నాడు. అప్పుడు లోడ్ 72. అదొక్కటే చూసుంటే ఇంకా బలం మిగిలుందనుకునేవాణ్ణి. (నడిపేవాళ్లు ఫోన్ చూడొద్దు. పక్కన ఎవరూ లేకపోతే రికార్డు చేసి ఇంటికొచ్చి చూడండి.)

గాలి నిజంగానే తక్కువా, సెన్సారు అబద్ధమా? అది ఫ్యూయల్ ట్రిమ్ తేలుస్తుంది, అంటే ఈసీయూ తన లెక్క కంటే పెట్రోలు ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె. గాలి ఫిల్టర్ మూసుకుపోతే సెన్సారు ఉన్న గాలినే చెప్తుంది, ట్రిమ్ సున్నా దగ్గరే ఉంటుంది. సెన్సారు తక్కువ చెప్తుంటే ఈసీయూ పెట్రోలు పెంచుకుంటూ పోతుంది. మాది +14 శాతం.

లోడ్ గెలిచే చోటు ఒకటుంది. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, బాగున్న బండిలోనూ ఎంఏఎఫ్ కొంచెం తగ్గుతుంది. లోడ్ లెక్కలో వాతావరణ పీడనం ముందే కలిసి ఉంటుంది కాబట్టి కిందా పైనా పోల్చడానికి అదే మేలు.

చిన్న పెట్రోలు కార్లు చాలావాటిలో ఎంఏఎఫ్ ఉండదు, లోపలికి పోయే గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సారే ఉంటుంది. కొన్ని యాప్‌లు అప్పుడు కూడా గ్రాములు చూపిస్తాయి, అది వాటి సొంత లెక్క, నమ్మకండి.

చవక అడాప్టర్‌తో షెడ్డు స్కానరంత వేగం రాదు. యాప్‌లో ఒకేసారి పది అంకెలు తెరవకుండా నాలుగే పెట్టుకుంటే సరిపోతుంది.

సెన్సారు విప్పి, దానికోసమే అమ్మే స్ప్రే కొట్టి, ఆరనిచ్చి బిగించాను. లోపలి తీగ వెంట్రుకలా ఉంటుంది, గుడ్డతో ముట్టుకుంటే తెగినట్టే. మొన్న శనివారం అదే మలుపు, అదే ఐదుగురం. బావమరిది "ముప్పై ఏడు" అన్నాడు.