రౌషమ్, స్టో తోటలు: రాతి శిల్పాల కోసం వెళ్లేవాళ్లకు

రౌషమ్, స్టో ఇంగ్లండ్‌లోని రెండు పాత తోటలు. ఆక్స్‌ఫర్డ్‌లో మకాం పెట్టి 18వ శతాబ్దపు తోట శిల్పాలు చూడాలనుకునేవాళ్లు, చేతిలో ఒక్క రోజే ఉంటే రౌషమ్‌కే వెళ్లాలి. పేరు, విస్తీర్ణం స్టోవి ఎక్కువే. కానీ అక్కడి శిల్పాలు చాలామటుకు 1848లోనూ, 1921-22లోనూ జరిగిన వేలంపాటల్లో చెల్లాచెదురయ్యాయి. ఇప్పుడు కనిపించేవాటిలో నకళ్లు బాగానే ఉన్నాయి. రౌషమ్‌లో అలా కాదు. తోటల రూపకర్త విలియం కెంట్ 1738-41 మధ్య తీర్చిన తోట పెద్దగా చెక్కుచెదరలేదు.

రౌషమ్‌లో ఇంటి వెనక పచ్చిక మైదానం చివరన గుర్రాన్ని చీలుస్తున్న సింహం ఉంటుంది. పీటర్ షీమేకర్స్ 1740లో చెక్కింది, రోమ్‌లోని పాత శిల్పాన్ని అనుసరించి. అక్కడినుంచి ఎడమకు తిరిగితే గట్టు మీద అతనిదే మరో శిల్పం, చావుదెబ్బ తిని ఒరిగిపోతున్న గ్లాడియేటర్ (రోమన్ కత్తియోధుడు). ఆ గట్టు మీద నిలబడినంతసేపూ కాళ్ల కింద ఏడు కమానుల మండపం ఉందని తెలియదు. దిగువకు నడిచి వెనక్కి చూస్తేనే బయటపడుతుంది. అందుకే ఆ గట్టు మీదినుంచే తిరిగొచ్చేయకూడదు, చెర్వెల్ నది ఒడ్డు దాకా దిగాలి. వీనస్ లోయ, పొదల మధ్య వంపులు తిరిగే సన్నని రాతి కాలువ, ఎనిమిది పలకల స్నానపు కొలను కలిపి తీరిగ్గా 3 గంటలు పడుతుంది.

ఇక్కడ హోటలు లేదు, దుకాణం లేదు. తిండీ నీళ్లూ వెంట తెచ్చుకోవాలి. 15 ఏళ్లలోపు పిల్లల్ని, కుక్కల్ని రానివ్వరు. కుటుంబంతో బయల్దేరేవాళ్లు ముందే గమనించాల్సిన సంగతి ఇది. దగ్గరి స్టేషన్ హేఫర్డ్, మైలు దూరం. రైళ్లు తక్కువ కాబట్టి తిరుగు రైలు సమయం చూసుకున్నాకే బయల్దేరాలి. పచ్చిక తడిగా ఉంటుంది, పట్టున్న బూట్లు వేసుకోవాలి.

స్టో తోట పాత కట్టడాల్ని, తోటల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. సుమారు 250 ఎకరాలు. ప్రవేశద్వారం దగ్గర కాఫీ, భోజనం దొరుకుతాయి, పిల్లలతో వెళ్లవచ్చు. దగ్గరి ఊరు బకింగ్‌హమ్‌కు రైలు లేదు, కారుంటే మేలు. తప్పక చూడాల్సింది బ్రిటిష్ మహనీయుల మందిరం: న్యూటన్, మిల్టన్, షేక్‌స్పియర్ సహా 16 మంది తలల శిల్పాలు వరుసగా గూళ్లలో ఉంటాయి. కొన్ని రిస్‌బ్రాక్ అనే శిల్పివి, కొన్ని షీమేకర్స్‌వి. మందిరం పడమటి ముఖం కాబట్టి మధ్యాహ్నం దాటాకే ఆ ముఖాల మీద వెలుగు పడుతుంది. రిస్‌బ్రాక్ చెక్కిన ఏడుగురు సాక్సన్ దేవతలకు (ఇంగ్లండ్‌లో పూర్వం స్థిరపడ్డ సాక్సన్ జాతి కొలిచిన దేవుళ్లు) తోటలో ఉన్నవి నకళ్లే. అసలు సూర్యదేవుణ్ణి, ఉరుముల దేవుణ్ణి చూడాలంటే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకు వెళ్లాలి. రెండు రోజులున్నవాళ్లు ఆ మ్యూజియాన్ని కూడా కలుపుకుంటే స్టో కథ పూర్తిగా అర్థమవుతుంది.

ఈ దేవతలు పోర్ట్‌లాండ్ రాతివి, అంటే సున్నపురాయి. మన అమరావతి శిల్పాలదీ ఆ జాతే, పాలరాయి అని పిలవడం అలవాటైపోయింది గానీ. సున్నపురాతిని వాన నెమ్మదిగా కరిగిస్తుంది. వాన కడిగే భుజాలు, నుదురు తెల్లబడతాయి. చూరు కిందా, గడ్డం కిందా వాన తగలనిచోట పొగ మసి చేరి నల్లటి పెచ్చు కడుతుంది. ఆ నలుపు వెనక రాయి బాగుందనుకోకూడదు, పెచ్చు ఊడినప్పుడు చెక్కడం కూడా దానితోనే పోతుంది. చేతులు, వేళ్లు కలపడానికి లోపల పెట్టిన ఇనుప కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బితే రాయి చీలుతుంది. మణికట్టు దగ్గర తుప్పు రంగు గీత కనిపిస్తే కారణం అదే. నాచు మరకల్ని గోటితో గీకకూడదు, పైపొర లేచిపోతుంది. చలికాలంలో కొన్ని తోటల్లో శిల్పాలకు ముసుగులు వేస్తారు. నవంబరు నుంచి మార్చిలోపు వెళ్లేవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి.

బసకు ఆక్స్‌ఫర్డే అనువు. స్టో తోటలోనే రాత్రి గడపాలనుకుంటే 1741లో వాస్తుశిల్పి గిబ్స్ గీసిన గోథిక్ మందిరాన్ని, పాత కట్టడాల్ని బసకిచ్చే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అద్దెకిస్తుంది. నలుగురికి సరిపోతుంది, చాలా ముందే బుక్ చేసుకోవాలి. గదులు గుండ్రంగా ఉంటాయి. సందర్శకులు వెళ్లిపోయాక సాయంత్రపు తోట మొత్తం కళ్లముందే ఉంటుంది.