కిట్ మంచిదే, వోల్టేజీ పట్టికే అసంపూర్ణం

1950ల నాటి ఫెండర్ డీలక్స్ యాంప్లిఫయర్‌లోని 5ఈ3 సర్క్యూట్ ఆధారంగా తయారైన ఈ ట్యూబ్ గిటార్ యాంప్లిఫయర్ కిట్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు నాణ్యంగా ఉన్నాయి, సాకెట్లు ట్యూబుల కాళ్లను బిగువుగా పట్టుకుంటున్నాయి. సామగ్రి గురించి ఇంతకు మించి చెప్పవలసిన పని లేదు. చెప్పవలసినదంతా కిట్‌తో వచ్చిన పుస్తకంలోని వోల్టేజీ పట్టిక గురించే, ఎందుకంటే సొంతంగా కట్టుకున్న యాంప్లిఫయర్ సరిగా పలకనప్పుడు దారి చూపవలసినది అదే.

రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే 5వై3 ట్యూబు) తరువాత 350 వోల్టులు, స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులైన 6వి6ల కాథోడ్ (ఎలక్ట్రాన్లను వెలువరించే భాగం) వద్ద 20 వోల్టులు ఉండాలని పట్టిక చెబుతుంది గాని, ఇంటి సరఫరా ఎంత ఉన్నప్పుడు కొలిచిన అంకెలో చెప్పదు. నేను కొలిస్తే 382, 22 వచ్చాయి. రెండు ట్యూబులకూ ఉమ్మడిగా ఉన్న 250 ఓమ్‌ల రెసిస్టర్ మీద 22 వోల్టులు అంటే 88 మిల్లీ యాంపియర్లు. స్క్రీన్ గ్రిడ్‌కు పోయే కొద్ది వాటా తీసివేసినా, ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటు ఒక్కొక్కటి 15 వాట్లకు దగ్గరగా మోస్తోందన్నమాట. పాత డేటా షీట్లు 6వి6కు ఇచ్చిన పరిమితి 12 వాట్లే.

కారణం పట్టుకోవడానికి హీటర్ (ట్యూబు కాథోడ్‌ను వేడిచేసే తీగ) వోల్టేజీ చాలు. 6.3 ఉండవలసిన చోట 6.87 ఉంది, అంటే 350 బదులు 382కు చేరిన హై వోల్టేజీ లాగే అది కూడా సుమారు 9 శాతమే పెరిగింది. రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగితే తప్పు రెక్టిఫయర్‌కు ముందే ఉన్నట్టు. హీటర్ సరిగా ఉండి హై వోల్టేజీ ఒక్కటే పెరిగితే 5వై3 ట్యూబును, లేదా కరెంటు తీసుకోని పవర్ ట్యూబులను అనుమానించాలి. (5వై3 పేరుతోనే అమ్ముడవుతున్నా, వోల్టేజీని అసలు 5వై3 అంత తగ్గించని కొత్త ట్యూబులు కొన్ని ఉన్నాయి.) ఇక్కడ సరఫరా 240 వోల్టులు కాగా, పుస్తకంలోని బొమ్మ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (ఇంటి సరఫరా కలిపే చుట్టలో) 220 తీగను మాత్రమే చూపించింది. పక్కనే ఉన్న 240 తీగకు మార్చగానే అంకెలన్నీ పట్టిక దగ్గరకు వచ్చాయి.

రెండో లోపం కిట్ వారు ముందుగానే సోల్డర్ చేసి పంపిన బోర్డులో ఉంది. గిటార్ సంకేతాన్ని తొలుత పెంచే ప్రీయాంప్ భాగంలోని ఒక 12ఏఎక్స్7 ట్యూబు ప్లేటు రెసిస్టర్‌కు రెండు కొసలా 250 వోల్టులే ఉన్నాయి. లక్ష ఓమ్‌ల రెసిస్టర్ మీద ఒక్క వోల్టు కూడా తగ్గలేదంటే దానిలో కరెంటు పారడం లేదనే అర్థం. ట్యూబు మార్చినా ఫలితం లేకపోయింది. చివరకు కాథోడ్ రెసిస్టర్ కాలి చుట్టూ మసకబారిన సోల్డర్‌లో సన్నని ఉంగరంలాంటి పగులు కనిపించింది; కరెంటు దారి అక్కడే తెగింది. పట్టికలో ప్రీయాంప్ కాథోడ్ వోల్టేజీలు కూడా ఇచ్చి ఉంటే ఇది మొదటి కొలతలోనే బయటపడేది.

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది, స్విచ్ ఆపిన తరువాత కూడా, డీసీని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణాంతకమైన చార్జి నిలిచి ఉండవచ్చన్న హెచ్చరికను చివరి పేజీలో ఒక్క వాక్యంతో సరిపెట్టడం. రెసిస్టర్ ద్వారా వాటిని ఖాళీ చేసి, మీటరుతో సరిచూసుకున్నాకే చేయి పెట్టాలన్న సంగతి మొదటి పేజీలో ఉండవలసినది. హై వోల్టేజీ కొలతలు అలవాటైనవారు ఈ కిట్‌ను నిస్సంకోచంగా కొనవచ్చు. తొలిసారి కట్టేవారికి మాత్రం ఈ పుస్తకాన్ని తిరగరాసేంతవరకు నేను సిఫారసు చేయను.