లైపోజోమ్ పసుపు అని రంగునీళ్లు అంటగట్టారు, డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఇంకా కోపం తగ్గలేదు, రాసింది అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. ఇంట్లో సబ్బులు, క్రీములు చేసేవాళ్లం చాలామందిమి సరుకు తెప్పించుకునే ఆ షాపే, పేరు రాయను, మీకు అర్థమయ్యే ఉంటుంది. అర కిలో లైపోజోమ్ పసుపు సారం, కావలికి కొరియర్‌తో కలిపి 6,800 రూపాయలు.

ఇంట్లో పసుపు ఉండగా అంత డబ్బు ఎందుకు పెట్టావని మా ఆయన కూడా అడిగాడు. పసుపులో ఉండే కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, చర్మం పైపొరేమో చచ్చిన కణాలు, వాటి మధ్య కొవ్వు కలిసి గోడ కట్టినట్టు ఉంటుంది, ఊరికే కలిపి రాస్తే చాలావరకు పైనే రంగులా మిగిలిపోతుంది. అందుకని సోయా గింజల నుంచి తీసే కొవ్వు పదార్థం లెసిథిన్‌తో కంటికి కనపడనంత చిన్న బుడగలు చేసి వాటిలో పెడతారు, ఆ బుడగలే లైపోజోమ్‌లు, ఆ పొరలోకి దిగడానికి అవి సాయం చేస్తాయి. మా వీధిలో రొయ్యల షెడ్లకి వెళ్లి తలలు తీసే ఆడవాళ్లున్నారు, రోజంతా ఐసు నీళ్లలో నాని వాళ్ల వేళ్ల సందులు తెల్లగా పాలిపోయి చీలికలు పడి ఉంటాయి. వాళ్ల చేతులు చూసే ఈ క్రీము మొదలుపెట్టాను. లైసెన్సుకి వెళ్లేముందు ట్రయల్‌గా 40 డబ్బాలు చేశాను.

వేడికి సారం పాడవకూడదని క్రీము 40 డిగ్రీల కిందకి దిగాకే కలిపాను, థర్మామీటర్ పెట్టి చూసుకుంటూ. మూడో రోజుకి ప్రతి డబ్బా అడుగునా పసుపు రంగు నీళ్లు ఊరాయి. అప్పుడు అమ్మ దిష్టి తీసే ఎర్రనీళ్లు గుర్తొచ్చాయి, పసుపులో సున్నం పడితే ఎర్రబడాలి కదా. రెండు గిన్నెల్లో స్పిరిట్ పోసి, ఒకదాంట్లో వంటింటి పసుపు, ఇంకోదాంట్లో వీళ్ల సారం వేసి, తమలపాకుల సున్నం కాస్త కలిపాను. మన పసుపు వెంటనే ఎర్రగా తిరిగింది. వీళ్లది అరగంటైనా నిమ్మపండు రంగులోనే ఉంది!

ఫోన్ చేస్తే ఆ షాపతను ఏమన్నాడో తెలుసా? "మేడం, ఇవి ల్యాబ్‌లో చేసే పనులు, వంటింట్లో గరిటె తిప్పేవాళ్లకి ఎందుకు చెప్పండి?" వెనక ఇంకెవరో పకపకా నవ్వారు. సున్నం సంగతి చెప్పబోయేలోగా పెట్టేశాడు, మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్. ఒంగోలులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను నేను, ఆరు నెలలుగా ప్రతి బ్యాచ్ నోట్సులో రాసుకుంటున్నాను. రాత్రంతా ఆ నవ్వే చెవుల్లో.

నా తప్పూ ఉంది. వాళ్లు పంపిన టెస్ట్ సర్టిఫికెట్ మీద బ్యాచ్ నంబర్ ఒకటి, డబ్బా మీద ఉన్నది ఇంకొకటి. సీలు తీసేముందే చూసుకోవాల్సింది, కొత్త సరుకొచ్చిన సంబరంలో చూడలేదు. ఒక డబ్బా చేసి చూడకుండా ఏకంగా 40 చేయడం ఇంకో పొరపాటు.

మీరైతే ముందు 10 గ్రాముల శాంపిల్ అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. పసుపు సరుకైతే స్పిరిట్‌లో కలిపి సున్నం వేసి చూడండి, ఎర్రబడకపోతే అనుమానించాల్సిందే. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నా దగ్గర లేదు.

ఈ పొద్దున వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టాను. 40 డబ్బాల్లో ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు, ఎదురింటి వదిన నిన్న కూడా గుమ్మంలో నిలబడి "క్రీము అయిందా అమ్మా" అని చేతులు చూపించింది, ఇంకో నెల పడుతుందని చెప్పి పంపాను.